వెన్నుపాము స్టిమ్యులేటర్: రెసిస్టర్ మీద బాగుంది, సెలైన్‌లో వోల్టేజ్ జారిపోతోంది

వెన్నుపాము గాయాలపై పరిశోధన కోసం తయారుచేసిన ఎపిడ్యూరల్ స్టిమ్యులేటర్‌ను (వెన్నుపాము పైపొర బయట పెట్టిన ఎలక్ట్రోడ్ల ద్వారా కరెంట్ పల్స్‌లు ఇచ్చే పరికరం) బెంచ్ మీద పరీక్షిస్తున్నాను. ఇది స్థిర కరెంట్, బైఫేజిక్ రకం (ప్రతి పల్స్‌లో కరెంట్ ముందు ఒక దిశలో, తర్వాత ఎదురు దిశలో పోతుంది). సెట్టింగ్స్: 40 హెర్ట్జ్, ఒక్కో ఫేజ్ 200 మైక్రోసెకన్లు, ముందు కాథోడిక్ (నెగటివ్) ఫేజ్, కరెంట్ 8 మిల్లీఆంపియర్లు. అంటే ఫేజ్‌కు 1.6 మైక్రోకూలుంబ్‌ల ఛార్జ్.

1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే పల్స్ ఆకారం చక్కగా ఉంది. 0.9 శాతం సెలైన్‌లో ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టగానే తేడా వస్తోంది. 20 నిమిషాలకు రెండు పల్స్‌ల మధ్య మిగిలే వోల్టేజ్ దాదాపు 300 మిల్లీవోల్టులకు చేరి అక్కడే నిలుస్తోంది. 2 మిల్లీఆంపియర్ల దగ్గర ఈ సమస్య అసలు కనిపించదు.

మొదట ఓసిల్లోస్కోప్ గ్రౌండ్‌నే అనుమానించాను (సర్క్యూట్‌ను గ్రౌండ్ నుంచి వేరుగా ఉంచే ఐసొలేషన్‌ను పాడుచేసేది చాలాసార్లు అదే కదా). బ్యాటరీతో నడిచే స్కోప్‌తో చూసినా అంతే. సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను, మార్పు లేదు. పల్స్ అయ్యాక 5 మిల్లీసెకన్లు ఎలక్ట్రోడ్లను షార్ట్ చేస్తే సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. 100 ఓమ్‌ల సెన్స్ రెసిస్టర్‌తో కొలిస్తే రెండు ఫేజ్‌ల తేడా 1 శాతం లోపే. అయితే ఆ 1 శాతమైనా 0.64 మైక్రోఆంపియర్ల డీసీ (సగటున ఒకే దిశలో పోయే కరెంట్) అవుతుంది, అదే నా టెన్షన్. ఇది తేలేదాకా జంతు ప్రయోగానికి ఇచ్చే ఉద్దేశం లేదు.

సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నా దగ్గర ఉంది. ఈ ఆఫ్‌సెట్ (పల్స్‌ల మధ్య మిగిలే వోల్టేజ్) సర్క్యూట్‌లోని ఫేజ్ తేడా వల్ల వస్తోందా, ఎలక్ట్రోడ్ ఉపరితలంపై జరిగే రసాయన చర్య వల్లా అన్నది తేల్చడానికి ఏ కొలత, ఏ క్రమంలో తీసుకోవాలి?