డీటాక్స్ టెస్ట్: బస్సుల జాబితాలో వరస దొరకట్లేదు

విజయనగరం నుంచి ప్రశ్న: రియాక్ట్ నేటివ్‌లో (మొబైల్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) బస్సుల యాప్ చేస్తున్నాం, యాప్‌ను తనంతట తానే నొక్కి పరీక్షించే డీటాక్స్ టూల్‌తో టెస్టులు రాస్తున్నాం. టెస్టులో ‘రాజాం’ వరస నొక్కమంటే ఒక్కోసారి దొరకదు, ఒక్కోసారి టైమవుట్ (గడువు ముగిసే) దాకా టెస్టు కదలదు. 5 సెకన్ల స్లీప్ (ఊరికే ఆగమనే ఆదేశం) పెట్టినా అంతే.

శ్రీకాకుళం నుంచి జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలండి. వరస దొరకకపోవడం సంగతి: తెరకు దూరంగా ఉన్న వరసల్ని ఫ్లాట్‌లిస్ట్ (జాబితా చూపే రియాక్ట్ నేటివ్ భాగం) అసలు తయారుచేయదు. వెయిట్‌ఫర్‌కి (ఫలానాది జరిగేదాకా ఆగమనే డీటాక్స్ ఆదేశం) వైల్‌ఎలిమెంట్ (ఆ లోపు ఏ జాబితాను కదపాలో చెప్పేది) తగిలించి 200 పాయింట్ల చొప్పున కిందికి స్క్రోల్ చేయించండి. టుబీవిజిబుల్‌కి (తెరపై కనబడుతోందా అనే తనిఖీ) మామూలుగా వరస 75 శాతం కనబడాలి, సగం కనబడితే ఫెయిలే. పేరుతో వెతకొద్దు, వరసకు టెస్ట్‌ఐడీ (టెస్టు కోసం పెట్టే ప్రత్యేక గుర్తు) ఇవ్వండి. ‘రాజాం’ శీర్షికలోనూ ఉంటే రెండూ దొరికి నొక్కడం విఫలమవుతుంది.

మరో జవాబు: కదలకపోవడానికి లోడింగ్ చక్రం చూడండి. యాప్ పని ముగిసేదాకా డీటాక్స్ ఆగుతుంది. యానిమేషన్ లూప్‌లో తిరుగుతుంటే అది ముగియదు. టెస్ట్ బిల్డ్‌లో లూప్ తీసేయండి. సింక్రనైజేషన్ (డీటాక్స్ ఇలా యాప్ కోసం ఆగడం) ఆపేయడం ఆఖరి దారి. ఆ స్లీప్ మాత్రం ఇప్పుడే తీసేయండి, దయచేసి.