అమెరికాలో స్థిరపడ్డ న్యూరాలజిస్టు సెలవుల్లో వచ్చి క్యాంపు పెడితే ఊరికి మేలేనా?

నాగావళి:
మా బంధువుల్లో ఒక న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) ఉన్నారు. ఇక్కడ ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో నాలుగేళ్ల రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ), ఆపైన పక్షవాతం చికిత్సలో ఫెలోషిప్ చేసి అక్కడే స్థిరపడ్డారు. వారాంతాల్లో ఇన్సూరెన్స్ లేనివాళ్లను ఉచితంగా చూస్తారు. సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఊళ్లో క్యాంపు పెడతారు. ఈసారి క్యాంపు అయ్యాక మా ఇంట్లోనే పెద్ద వాదన నడిచింది. "జనం సొమ్ముతో చదివి వెళ్లిపోయి, రెండు రోజులు వచ్చి చూస్తే అది సేవ అయిపోతుందా?" అని పెదనాన్న. "ఆ రెండు రోజులైనా వచ్చేవాళ్లు ఎంతమంది?" అని అక్క.

నా మాట ముందే చెబుతాను. వెళ్లినందుకు ఆయన్ని తప్పుపట్టను. కానీ క్యాంపుకు ఎంతమంది వచ్చారన్నది అసలు లెక్కే కాదంటాను. ఫిట్స్, పార్కిన్సన్స్ లాంటివి ఒకసారి చూసి మందిస్తే తీరే జబ్బులు కావు. ఏళ్ల తరబడి మందు వాడాలి, మధ్యమధ్య మోతాదు సరిచూడాలి. ఆయన విమానం ఎక్కాక ఆ రోగిని ఎవరు చూస్తున్నారు? దాన్నిబట్టే ఆ సేవకు విలువ కట్టాలి.

మన్యం డాక్టర్:
ఏజెన్సీ ప్రాంతంలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. విమానం ఎక్కాక ఏమవుతుందో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు మీద చాలాకాలంగా ఫిట్స్ రాకుండా ఉన్న ఒక అమ్మాయికి, ఇలాంటి క్యాంపులోనే మందు మార్చారు. మంచి మందే. కానీ మా దగ్గర దొరకదు, బయట కొనే స్తోమత వాళ్లకు లేదు. ఇచ్చిన స్ట్రిప్పులు అయిపోగానే ఆపేసింది. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికే రావచ్చు. ఆ రాత్రి ఆమెను జిల్లా ఆసుపత్రికి తరలించే టెన్షన్ మేమే పడ్డాం.

సరైన మందు వాడితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి ఆ మందు అందడం లేదని కూడా అదే సంస్థ అంటోంది. వీళ్లలో చాలామందికి కావలసింది పాత, చవక మందులే. అవి ప్రతి నెలా చేతికి అందాలి, ఆపకుండా వాడేలా ఎవరో ఒకరు వెంటపడాలి. మా ఆశా కార్యకర్తలు చేసేది అదే. వాళ్ల పేరు ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

మిడ్‌వెస్ట్ న్యూరో:
డాక్టరు గారూ, మీకు ఒక్క మాట చెప్పకుండా మందు మార్చడం ముమ్మాటికీ తప్పు. అయితే మార్చడమే తప్పంటే ఒప్పుకోను. పిల్లల్ని కనే వయసున్న అమ్మాయికి వాల్‌ప్రోయేట్ ఇస్తే, గర్భం వచ్చినప్పుడు బిడ్డకు వెన్నెముక లోపాలు, ఎదుగుదల సమస్యలు వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. ఇక్కడ అమెరికాకొచ్చి చదివినందువల్ల ఇలాంటివి మేం వెంటనే పట్టుకుంటాం. మీకు తెలియదని కాదు. ఓపీలో ఆ ఒత్తిడి మధ్య వెనక్కి తిరిగి చూసే తీరిక మీకు ఉండదు.

పెదనాన్న గారి మాటకు నా జవాబు ఇది. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలి. లేదా డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని మినహాయింపు తీసుకోవాలి. సెనేటర్ కాన్రాడ్ పేరుతో 1994లో వచ్చిన ఏర్పాటు అది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి ఇస్తారు. నేను అలా ఒక రైతుల ఊరికి వచ్చినవాణ్ణే. పక్షవాతం వచ్చాక రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. నేను రాకముందు ఇక్కడివాళ్లకు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేసరికే ఆ సమయం కాస్తా దాటిపోయేది. వీళ్లూ మనుషులే కదా. వీళ్లకు చేసింది సేవ కాకుండా పోతుందా? ఒక ఏడాది సెలవు పెట్టి మన దగ్గర పనిచేద్దామన్నా, ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉంది. మన క్యూ ఎంతకీ కదలదు. ఉద్యోగం వదిలితే వీసా కూడా పోతుంది.

దివిసీమ:
వీసా ఇబ్బందులు నిజమే, కాదనను. కానీ అన్నీ వదులుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. మా కృష్ణా జిల్లా కాకర్ల సుబ్బారావు గారు న్యూయార్క్‌లో పేరున్న రేడియాలజిస్టు, అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాకు తొలి అధ్యక్షుడు. 1980ల్లో ఎన్టీఆర్ పిలిస్తే వచ్చి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టారు. కంటి డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలోని రోచెస్టర్ వదిలి 1981లో హైదరాబాద్ వచ్చారు. 1987లో ఆయన మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈరోజు ఎంతమందికి చూపునిస్తోందో చెప్పక్కర్లేదు. వాళ్లు ఏటా క్యాంపులు పెట్టి సరిపెట్టుకుని ఉంటే ఈ రెండూ మనకు ఇలా ఉండేవా?

మిడ్‌వెస్ట్ న్యూరో:
ఆ ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ సుబ్బారావు గారి వెనుక ప్రభుత్వం నిలబడింది, గుళ్లపల్లి వారికి ఎల్వీ ప్రసాద్ కుటుంబం స్థలం, విరాళం ఇచ్చింది. సొంతంగా వచ్చే మామూలు న్యూరాలజిస్టు కార్పొరేట్ ఆసుపత్రిలో చేరాలి, లేదా అప్పు చేసి క్లినిక్ పెట్టుకోవాలి. మన్యానికి ఆయన వచ్చేది అప్పుడూ అరుదే.

ఓ తల్లి:
నాకు మీ చదువుల సంగతి తెలియదు. మా అమ్మాయికి పద్నాలుగో ఏట నుంచి ఫిట్స్. గాలి సోకిందని అన్నారు, తాళాలు చేతిలో పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు. పెళ్లయ్యాక దాచి పెళ్లి చేశామని గొడవ. ఇలా అమెరికా నుంచి వచ్చిన డాక్టరు గారే మా వియ్యపురాలిని కూర్చోబెట్టుకుని, ఇది మెదడు జబ్బు, మందుతో అదుపులో ఉంటుంది, పిల్లల్ని కూడా కనొచ్చు అని తెలుగులో విడమరిచి చెప్పారు. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే మాటను 1999లోనే హిందూ వివాహ చట్టంలోంచి తీసేశారని కూడా ఆయనే చెప్పారు. మా అమ్మాయి కాపురం నిలబడింది. సర్కారు ఆసుపత్రి ఓపీలో ఆ అరగంట మాకు ఎవరిస్తారు?

నాగావళి:
అమ్మా, మీరు చెప్పింది నేను ఆలోచించని సంగతి. ఆ అరగంట లెక్కలోకి రావాల్సిందే. మీ అమ్మాయికి ఆ తర్వాత మందు ఎవరు రాస్తున్నారో కూడా చెప్పండి.

మరో దారి కూడా ఉంది. సంజీవ్ అరోరా అనే భారతీయ కాలేయ నిపుణుడు 2003లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. హెపటైటిస్-సి రోగులను తన దగ్గరికి రప్పించుకోకుండా, పల్లె డాక్టర్లతో ప్రతి వారం వీడియోలో కేసులు చర్చించి వాళ్లకే చికిత్స నేర్పారు. ఫలితాలు యూనివర్సిటీ ఆసుపత్రితో సమానంగా ఉన్నాయని 2011లో అధ్యయనం వచ్చింది. బెంగళూరులోని మానసిక, నరాల ఆసుపత్రి నిమ్‌హాన్స్ కూడా ఈ పద్ధతి నడుపుతోంది. మా బంధువు లాంటివాళ్లు సంక్రాంతి క్యాంపు బదులు ఇది చేయలేరా?

మన్యం డాక్టర్:
చేయొచ్చు. 2020 టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఇక్కడి రిజిస్టరులో పేరున్న డాక్టరే రోగికి మందు రాయాలి. అందువల్ల విదేశాల్లో ఉన్నవాళ్లు నేరుగా రాయకుండా, మాతో కేసు మాట్లాడటమే మేలు. బాధ్యత మా మీదే ఉంటుంది, మేం నేర్చుకుంటాం కూడా. పైన చెప్పిన అమ్మాయి విషయంలో వాల్‌ప్రోయేట్ ప్రశ్న ఇలా చర్చకు వచ్చి ఉంటే, మా దగ్గర దొరికే మందుల్లోనే తగినది చూసి నెమ్మదిగా మార్చేవాళ్లం.

దివిసీమ:
ఫిట్స్‌కు సరే. పక్షవాతం వచ్చినవాడు వారం వారం జరిగే వీడియో కోసం ఆగలేడు కదా. మన దేశంలో పది లక్షల మందికి ఇద్దరు ముగ్గురు న్యూరాలజిస్టులు ఉన్నారేమో, వాళ్లలోనూ ఎక్కువమంది నగరాల్లోనే. వెళ్లినవాళ్లు లేని లోటు ఆ నాలుగున్నర గంటల్లోనే తెలుస్తుంది. దాన్ని ఏ స్వచ్ఛంద సేవా పూడ్చలేదన్న నా మాట మార్చుకోను.

మన్యం డాక్టర్:
దివిసీమ గారూ, పక్షవాతం విషయంలో మీతో ఏకీభవిస్తాను. మా దగ్గర సీటీ స్కాన్ కూడా లేదు, న్యూరాలజిస్టు ఎదురుగా ఉన్నా స్కాన్ లేకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వలేడు. అది ప్రభుత్వాన్ని అడగాల్సిన విషయం. మిడ్‌వెస్ట్ గారిని మాత్రం ఒకటి అడుగుతున్నాను. మాకు గురువారం రాత్రి అంటే మీకు పొద్దున. వారానికి ఒక గంట ఇవ్వగలరా? మా మండలంలో నలుగురు డాక్టర్లను కూర్చోబెట్టే పూచీ నాది.