కట్ తప్పినవాళ్లకూ డబ్బు ఇవ్వాలా?

నాన్న_విశాఖ: మావాడు ఈ సీజన్ పీజీటీఐ టూర్‌లో, అంటే మన దేశపు ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీల్లో ఆడుతున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒక్కో టోర్నీ ఒక్కో ఊళ్లో, నాలుగు రోజుల ఆట. రెండు రోజులు, అంటే 36 హోల్స్ (గుంతలు) అయ్యాక మొదటి 50 మందీ, 50వ స్థానంలో సమంగా ఉన్నవాళ్లూ మిగులుతారు. ఈ గీతనే కట్ అంటారు. 120 మంది ఆడితే మిగతా 70 మంది ఒక్క రూపాయి లేకుండా రైలెక్కాలి. ఎంట్రీ ఫీజు, క్యాడీ (బ్యాగు మోసే మనిషి) కూలి, లాడ్జి, టికెట్లు అన్నీ సొంత డబ్బే. అమెరికాలో పీజీఏ టూర్ 2023 సీజన్‌లో కింది ర్యాంకుల వాళ్లకు కట్ తప్పిన ప్రతిసారీ 5,000 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మనవాళ్లకు కనీసం పది వేలు ఇవ్వకూడదా?

సోమవారం_ఆట: ఇవ్వకూడదు. బాగా ఆడితే డబ్బు, లేకపోతే లేదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ బ్యాగులు మోసినవాడే. 2009లో గెలిచిన మునియప్పా అంతే. వాళ్లకు ఎవరిచ్చారు పది వేలు?

గోల్కొండ_గ్రీన్: అమెరికాతో పోలికేంటండీ. అక్కడ టీవీ డబ్బు.

నాన్న_విశాఖ: గెలిచినవాళ్లు కాబట్టే వాళ్ల పేర్లు మీకు గుర్తున్నాయి. మధ్యలో ఆపేసినవాళ్ల పేరు ఒక్కటి చెప్పండి. కోటి రూపాయల టోర్నీలో మొదటివాడికి 15 లక్షలు వస్తాయి. 70 మందికి పదేసి వేలంటే 7 లక్షలే.

సోమవారం_ఆట: ఆ 7 లక్షలు ఎవరి వాటాలోంచి కోస్తారు? కిందామీదా పడి కట్ దాటి 45వ స్థానంలో నిలిచినవాడి దగ్గరే కదా? ముందు దీనికి జవాబు చెప్పండి.

లెక్కల_మాస్టారు: 70 కాదండీ. టై వల్ల ఒక్కోసారి 55 మంది కట్ దాటుతారు. 120 మంది ఆడితే బయటికెళ్లేది 65. అంటే ఆరున్నర లక్షలు.

నాన్న_విశాఖ: సరే, ఆరున్నరే. విషయం అదా సార్?

లెక్కల_మాస్టారు: లెక్క చెప్పినప్పుడు సరిగ్గా చెప్పాలి కదండీ.

సోమవారం_ఆట: నా ప్రశ్నకు జవాబు రాలేదు.

నాన్న_విశాఖ: జవాబు కావాలా? మొన్న మావాడు ఒక్క షాట్‌తో కట్ తప్పాడు. చివరి హోల్లో మూడడుగుల పట్, అంటే బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ. బంతి అంచు చుట్టూ తిరిగి బయటే ఆగింది. రాత్రి లాడ్జి గదిలో తడి తువ్వాలుతో ఐరన్లు (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్రలు) ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు. "నాన్నా, వచ్చే టోర్నీ మానేద్దామా? టికెట్ డబ్బులైనా మిగులుతాయి" అన్నాడు. వాడి కోసం రెండెకరాలు అమ్మాను. కోయడం గురించి నాకు చెబుతున్నారు. మీకు పిల్లలున్నారా అసలు?

గోల్కొండ_గ్రీన్: ఇద్దరూ కాస్త శాంతించండి.

సోమవారం_ఆట: అమ్మడానికి మీకు రెండెకరాలు ఉన్నాయి. నేను పన్నెండేళ్లు క్యాడీగా చేశాను. సోమవారం క్లబ్బుకు సెలవు, ఆ ఒక్కరోజే మమ్మల్ని ఆడనిచ్చేవారు. నలుగురికి ఒకటే సెవెన్ ఐరన్. దాని గ్రిప్ ఊడిపోతే సైకిల్ ట్యూబు చుట్టుకున్నాం. పార్‌కు (కోర్సుకు నిర్ణయించిన షాట్ల లెక్కకు) రెండు మూడు ఎక్కువలో ఆడేవాణ్ని, మెంబర్లే వచ్చి చూసేవారు. టూర్‌లోకి ఎంపిక చేసే క్వాలిఫైయింగ్ స్కూల్ పోటీల ఫీజు కట్టలేక టూర్ గడప తొక్కలేదు. మీరడిగే పది వేలు ఎలాగోలా లోపలికి వెళ్లినవాళ్లకు. గేటు బయటే ఆగిపోయినవాళ్ల ఊసు ఈ చర్చలో ఒక్కరైనా ఎత్తారా? ఆరున్నర లక్షలే దొరికితే క్యాడీ పిల్లలకు ఆ ఫీజు కట్టండి. మీ అబ్బాయి మీద నాకు కోపం లేదు.

లెక్కల_మాస్టారు: ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

నాన్న_విశాఖ: పిల్లల మాట అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే. కానీ లోపలికి వెళ్లినా బతుకు తేలిక కాదండీ. ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ సంపాదన ర్యాంకుల్లో) మొదటివాడికి డీపీ వరల్డ్ టూర్ కార్డు, అంటే యూరప్ పెద్ద టూర్‌లో ఆడే అర్హత. 2023లో ఓం ప్రకాశ్ చౌహాన్‌కు వచ్చింది. కిందివాళ్లకు వచ్చే ఏడాది కార్డు ఉంటుందో లేదో అన్న టెన్షనే. పది వేల మాట నేను వదలను.

సోమవారం_ఆట: నేనూ నా మాట వదలను. మీవాడు వచ్చే టోర్నీకి వెళ్తున్నాడా?

నాన్న_విశాఖ: వెళ్తున్నాడు. స్లీపర్ టికెట్ వెయిటింగ్ లిస్టు 14లో ఉంది.

సోమవారం_ఆట: మూడడుగుల పట్ రోజూ వంద కొట్టమనండి. చెప్పులు లేకుండా నిలబడి కొట్టమనండి, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే పచ్చిక) వాలు పాదాలకు తెలుస్తుంది.