ఔరంగజేబు జిజియా: మతం కోసమా, ఖజానా కోసమా?

కోటగోడ:
అక్బరు 1564లో ఎత్తేసిన జిజియాను, అంటే ముస్లిమేతరుల మీద వేసే పన్నును, ఔరంగజేబు 1679లో మళ్లీ వేశాడు. ఖజానా ఒట్టిపోయి వేశాడే గానీ మతం పైపూతేనని కొందరి వాదన. మీరేమంటారు?

పాతబస్తీ:
ఖజానా, రాజకీయం. మతమే అయితే కొలువులో అంతమంది హిందువులెందుకండీ? వెయ్యి, ఆపై హోదా ఉన్న మన్సబుదారుల్లో, అంటే మొగలు కొలువులోని పెద్ద అధికారుల్లో, మొదటి ఇరవై ఏళ్లు ఐదో వంతు హిందువులు. 1679 తర్వాత దాదాపు మూడో వంతయ్యారు. బనారసులో పాత గుళ్ల జోలికి పోవద్దని 1659లో ఫర్మానా ఇచ్చిందీ ఆయనే.

లెక్కలమాస్టారు:
ఆ ఫర్మానాలోనే కొత్త గుడి కట్టనివ్వొద్దనీ ఉంది, ఆ ముక్క మింగేశారు. పదేళ్లకు అదే బనారసులో విశ్వనాథుడి గుడి కూల్చారు. మరుసటేడు మథురలో కేశవదేవుడి గుడి.

మన్సబుదారుల లెక్క నిజమే. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది దక్కను యుద్ధాల్లో బిరుదులిచ్చి తిప్పుకున్న మరాఠా సర్దార్లు. అసలు కొలువులో ఉన్నవాళ్లకు జిజియా మాఫీ! మరి కట్టిందెవరు? అట్టడుగు తరగతికి ఏడాదికి 12 దిర్హములు, అంటే మూడు రూపాయల పైచిలుకు. పట్నం కూలీకి దాదాపు నెల సంపాదన. మధ్యతరగతికి 24, ధనవంతులకు 48. షావుకారుకు అది తాంబూలం ఖర్చు.

పన్ను వేసిన కొత్తలో ఢిల్లీ జనం శుక్రవారం నాడు ఎర్రకోట నుంచి జామా మసీదు దాకా దారంతా నిండిపోయి మొరపెట్టుకున్నారు. నమాజుకు బయల్దేరిన పాదుషా సవారీ ముందుకు కదల్లేదు. చివరికి ఏనుగులను వాళ్ల మీదికి తోలించాడు. ఆ గుంపులో ఉన్నది బట్టల వర్తకులు, నాణేలు మార్చేవాళ్లు, బజారు దుకాణదార్లు, చేతిపనివాళ్లు. వాళ్లకు దర్బారులో ఎందరు హిందువులుంటే ఏమొరిగింది?

గోదారిగట్టు:
మన గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నలను చంపించిందీ ఆయనేగా మాస్టారూ!

లెక్కలమాస్టారు:
కాదండీ. 1686లో మొగలుల ఒత్తిడి నెత్తిమీదున్నప్పుడు గోల్కొండ దర్బారువాళ్లే చంపి, మాదన్న తలను మొగలుల దగ్గరికి పంపారు. అయితే గోల్కొండ సుల్తాను తానీషా మీద ఔరంగజేబు మోపిన నేరాల్లో బ్రాహ్మణ మంత్రి చేతిలో రాజ్యం పెట్టడం ఒకటి.

పాతబస్తీ:
తానీషా ముస్లిమే కదా! 1687లో కోట పట్టుకుని ఆయన్నీ దౌలతాబాదులో బంధించాడు. ఇది రాజ్యకాంక్ష కాక మరేమిటి? 1704లో దక్కనులో జిజియా ఆపేశాడు కూడా, యుద్ధంతో నలిగిన జనం కట్టలేరని. మతమే సర్వస్వమైతే ఆపుతాడా?

లెక్కలమాస్టారు:
రాజ్యకాంక్ష లేదని నేనెక్కడన్నాను? కానీ జిజియా డబ్బు కోసమే అయితే, షరియత్‌లో లేవని రాహదారీ (దారి సుంకం) లాంటి పన్నులను తన హయాం మొదట్లోనే ఎందుకు వదులుకున్నాడు? దాని జవాబు చెప్పి 1704కు రండి.