సైకిల్‌కి క్లారిస్ గేర్లు తీసేసి 105 వేయించాలా? సలహా కావాలి

ప్రశ్న (విశాఖపట్నం)

అందరికీ నమస్తే. నాది రిమ్ బ్రేకుల రోడ్ బైక్. గేర్లు షిమానో కంపెనీ క్లారిస్ రకం. ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు, వెనక 11 నుంచి 32 పళ్ళ దాకా ఎనిమిది చక్రాల వరుస (8 స్పీడ్ 11-32 క్యాసెట్). కొని మూడేళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు తొక్కుతాను. ఈమధ్య వెనక గేర్లు సరిగ్గా పడట్లేదు. లివర్ ఒకసారి నొక్కితే చైన్ కదలదు, రెండోసారి నొక్కితే రెండు గేర్లు దూకుతుంది. మధ్య గేర్లలో టకటకమని ఒకటే శబ్దం. షాపులో చూపిస్తే "క్లారిస్ అంటే ఇంతే సార్, 105 వేయించుకోండి, హాయిగా ఉంటుంది" అన్నారు (105 కూడా షిమానోదే, ఖరీదైన రకం). అరకు ఘాట్ ఎక్కాలని, చలికాలంలో 200 కి.మీ. బ్రెవే (గడువులోగా పూర్తిచేసే దూరపు సవారీ) ఒకటి పూర్తి చేయాలని కోరిక. నలభై వేల దాకా పెట్టగలను. అంత పెడితే తేడా నిజంగా తెలుస్తుందా?

హైదరాబాద్ నుంచి

పైసలుంటే 105 ఏసుకో అన్నా, ఆలోచించకు. నేను సోరా (క్లారిస్ మీద మెట్టు) నుంచి 105కి మారిన. లివర్ గిట్ల ముట్టుకుంటే చాలు, గేరు పడతది. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద గాలికి ఎదురు తొక్కేటప్పుడు 11 గేర్లున్న సుఖం తెలుస్తది.

విజయవాడ నుంచి (సైకిళ్ళ రిపేరు నా వృత్తి)

విశాఖ తమ్ముడికి. ముందు బండి బాగుచేయించుకోండి, కొత్త గేర్ల మాట తర్వాత. మీరు చెప్పినవి క్లారిస్ లక్షణాలు కావు. ఇవే లక్షణాలతో షిమానోలో అన్నిటికంటే ఖరీదైన డ్యూరా ఏస్ బళ్ళు కూడా రిపేరుకు వస్తాయి.

నాకు రెండు అనుమానాలున్నాయి. మొదటిది కేబుల్. మీది సముద్రపు గాలి. చైన్‌ను గేరు మార్చే వెనక డిరైలర్ దగ్గర ఔటర్ (కేబుల్ పైతొడుగు) వంపు తిరిగి కిందికి దిగే చోట ఉప్పు, తేమ, దుమ్ము చేరి లోపలి తీగ బిగుసుకుంటుంది. చూడటం తేలిక. తొక్కుతూ చైన్‌ను క్యాసెట్‌లో అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కించి ఆపండి. పెడల్ తిప్పకుండా లివర్‌ను చిన్న గేరు దాకా నొక్కుకుంటూ పోండి. కేబుల్ వదులవుతుంది. అప్పుడు ఔటర్‌ను ఫ్రేమ్ మీది స్టాపుల్లోంచి బయటికి లాగి, పక్కకు జరిపి లోపలి తీగను వేళ్ళతో తడమండి. ఎర్రగా గరుకుగా తగిలితే దొంగ దొరికినట్టే. లివర్ రబ్బరు ఎత్తి, కేబుల్ తల కూర్చునే చోట పోగులు విడిపోయాయేమో కూడా చూడండి. హ్యాండిల్ టేపు కింద కేబుల్ వెళ్ళే లివర్లలో తీగ అక్కడ పదునుగా వంగుతుంది, అందుకే అక్కడే పుటుక్కుమంటుంది. 105కీ, దానిపై మెట్టు అల్టెగ్రాకీ ఇదే జబ్బు.

రెండోది హ్యాంగర్. వెనక డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలనే పెట్టారు. బండి ఎప్పుడైనా కుడివైపుకి పడిందా? కారు డిక్కీలోనో రైల్లోనో పడుకోబెట్టి తెచ్చారా? వెనక నిలబడి చూడండి. డిరైలర్ కింది చిన్న చక్రాలు రెండూ క్యాసెట్ పళ్ళ వరుసకు సమాంతరంగా, నిటారుగా వేలాడాలి. కింది చక్రం స్పోకుల వైపు ఒరిగితే హ్యాంగర్ వంగింది. ఒక గేరుకి సరిచేస్తే ఇంకో గేరు చెడుతోందంటే నూటికి తొంభై పాళ్ళు ఇదే. దీన్ని కొలిచే గేజ్ ఉంటుంది. ఆ గేజ్ లేని షాపులో గంటసేపు స్క్రూలు తిప్పి "క్లారిస్ అంటే ఇంతే" అంటారు.

చైన్ కూడా కొలవండి. 12 జతల లింకులు కొత్తలో 304.8 మి.మీ. ఉంటాయి. 307 దాటితే మార్చాలి. చైన్ బాగా సాగితే క్యాసెట్ కూడా పోయి ఉంటుంది. అయినా 8 స్పీడ్ చైన్, క్యాసెట్ రెండూ కలిపినా 105 క్యాసెట్ ఒక్కదాని ధర రాకపోవచ్చు.

ఇక ఖరీదు సంగతి. హైదరాబాద్ అన్న చెప్పింది తప్పు కాదు, 105 లివర్ తేలిగ్గా ఉంటుంది. కానీ ఎక్కువ డబ్బుకి అసలు దొరికేది వెనక పక్కపక్క చక్రాల పళ్ళ సంఖ్యల మధ్య తేడా తగ్గడం. మీ 11-32లో వెనక చక్రాల పళ్ళు 11, 13, 15, 18, 21, 24, 28, 32. ముందు 50 మీద, నిమిషానికి 90 సార్లు తొక్కుతూ వెనక 18 మీద ఉంటే వేగం గంటకు 31 కి.మీ. పైచిలుకు. తర్వాతి గేరు 15, అంటే ఒక్కసారిగా 38కి దగ్గర. మీకు 35 కావాలంటే ఆ గేరు లేదు. కాళ్ళు మరీ వేగంగానో మరీ భారంగానో తొక్కాలి. 11 స్పీడ్ 11-32లో 18 తర్వాత 16, ఆపైన 14. 16 మీద సరిగ్గా 35 వస్తుంది. నలుగురితో కలిసి వేగంగా తొక్కేవాళ్ళకి ఇది రోజూ అక్కరకొస్తుంది. ఒంటరిగా భీమిలి వెళ్ళేవాడికి అంతగా కాదు.

ఘాట్ ఎక్కడానికి కావాల్సింది అన్నిటికంటే తేలికైన గేరు ఒక్కటే. మీకు 34x32 (ముందు 34, వెనక 32 పళ్ళు) ఉంది. నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు 8 కి.మీ. మీద బండి పోతుంది. 105 వేసినా అదే కొండ, దాదాపు అదే గేరు. 200 కి.మీ. బ్రెవేకి ఇచ్చేది 13 గంటల 30 నిమిషాలు, సగటున గంటకు 15 కి.మీ. కూడా అక్కర్లేదు. అక్కడ జనాన్ని ఆపేది సీటు నొప్పి, పంక్చర్లు. గేర్లు కాదు.

మార్చాలనే నిర్ణయించుకుంటే చిక్కులు కూడా తెలుసుకోండి. ఇప్పటి 12 స్పీడ్ 105 డిస్క్ బ్రేకులకే వస్తుంది. మీ రిమ్ బ్రేక్ బండికి పాత 11 స్పీడ్ 105 (ఆర్7000) వెతుక్కోవాలి. మీ వెనక చక్రం ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) 8 స్పీడ్‌ది అయితే మామూలు 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ దానిమీద కూర్చోదు. దానికి ఫ్రీహబ్ 1.85 మి.మీ. వెడల్పు ఎక్కువ ఉండాలి. 11-34 హెచ్‌జీ700, హెచ్‌జీ800 క్యాసెట్లు మాత్రం పాత ఫ్రీహబ్ మీద పడతాయి. అది తెలియక చక్రాలు కూడా కొనేవాళ్ళున్నారు. లివర్లు, రెండు డిరైలర్లు, క్యాసెట్, చైన్, కేబుళ్ళు, కూలి అన్నీ కలుపుకుంటే ఈ బండి అమ్మి, ఇంకొంచెం వేసి 105తో వచ్చే బండే కొనుక్కోవడం నయం.

గుంటూరు నుంచి

మధ్యలో వస్తున్నా, క్షమించాలి. అంత దూరం పోకుండా టియాగ్రా (సోరాకి, 105కి మధ్య రకం) లివర్లు మాత్రం వేసి పాత డిరైలర్ ఉంచుకుంటే? సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయి.

విజయవాడ నుంచి

కుదరదండీ. 8 స్పీడ్ డిరైలర్‌కి, టియాగ్రా 4700కి కేబుల్ లాగే కొలత వేరు. 4700 పేరుకి 10 స్పీడే గానీ లాగుడు 11 స్పీడ్ తరహా. పాత 10 స్పీడ్ 4600 డిరైలర్‌తో కూడా కలవదు. సెకండ్ హ్యాండ్ లివర్లు కొనేటప్పుడు వెనక ముద్రించిన మోడల్ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

కొత్త బండి కొనేవాళ్ళకి ఒక మాట. మరీ కిందికి దిగొద్దు. క్లారిస్ కంటే కింది మెట్టు టోర్నీ ఏ070 లివర్‌లో గేరు ఒక దిశలో మార్చడానికి బొటనవేలి మీట ఉంటుంది. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉన్నప్పుడు అది అందదు. క్లారిస్‌లో ఆ బాధ లేదు, రెండు మీటలూ బ్రేకు లివర్ దగ్గరే. నా లెక్కలో పెద్ద మెట్లు రెండే. టోర్నీ నుంచి క్లారిస్ ఒకటి. డిస్క్ బ్రేక్ బండి అయితే సోరా నుంచి టియాగ్రా రెండోది. క్లారిస్, సోరాలకు షిమానో హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో బ్రేకు పట్టే) లివర్లు ఇవ్వలేదు, టియాగ్రాలో ఉన్నాయి. ఘాట్ దిగేటప్పుడు రెండు వేళ్ళతో బండి ఆగడం, గేరు సుతారంగా పడటం కంటే నాకు ముఖ్యం.

డల్లాస్ నుంచి

అల్టెగ్రా, డ్యూరా ఏస్‌ల మాట ఎవరూ ఎత్తలేదు.

విజయవాడ నుంచి

ఎత్తే అవసరం రాలేదండీ. 2021 నుంచి ఆ రెండూ బ్యాటరీతో నడిచే డీ2 రకమే. 105కి కూడా 2022లో డీ2 వచ్చింది. గేర్ల సంఖ్య మూడింటికీ 12. ఎక్కువ డబ్బుకి వచ్చేది ప్రధానంగా బరువు తగ్గడం. 105 డీ2కి, డ్యూరా ఏస్‌కి మధ్య తేడా అర కిలోకి అటూ ఇటూ. పోటీల్లో తొక్కేవాళ్ళకి అది లెక్కే. మనలాంటివాళ్ళకి రెండు నీళ్ళ సీసాల్లో ఒకటి ఖాళీగా ఉన్నట్టు. పైగా డ్యూరా ఏస్ క్యాసెట్ పెద్ద చక్రాలు టైటానియం. అరిగినప్పుడు మళ్ళీ అంత పోసి కొనాలి.

విశాఖపట్నం నుంచి

చాలా థ్యాంక్స్ అన్నా. మీరు చెప్పినట్టే చూశాను. డిరైలర్ దగ్గర తీగ తుప్పు పట్టి ఉంది. కింది చక్రం లోపలికి ఒరిగిన మాట కూడా నిజమే, మొన్న ఫ్లాట్ పార్కింగ్‌లో ఎవరో బైకు తీస్తూ పడేశారు. వేరే షాపులో గేజ్ పెట్టి సరిచేశారు, కొత్త కేబుల్ వేశారు. ఇప్పుడు ఒక్క నొక్కుకి ఒక్క గేరే పడుతోంది. చైన్ 306 దగ్గర ఉంది. మా దగ్గర ఉప్పు గాలికి కేబుల్ ఏది తీసుకోవాలి, ఎన్నాళ్ళకోసారి మార్చాలి?

విజయవాడ నుంచి

లోపలి తీగ 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్. పూత ఉన్న ఖరీదైనది అక్కర్లేదు, మామూలుదే తరచుగా మార్చండి. ఔటర్ మాత్రం గేర్లదే, 4 మి.మీ., బ్రేకు ఔటర్ వేయనివ్వొద్దు. కోసిన చివర నలగకుండా గుండ్రంగా ఉందో లేదో, టోపీలు పెట్టారో లేదో దగ్గరుండి చూడండి. మీ గాలికి వానాకాలం వెళ్ళాక ఏటా ఒకసారి, డిరైలర్ దగ్గరి ఔటర్ ముక్కతో సహా. చైన్ ఇంకో నెల చూసి మళ్ళీ కొలవండి. మిగిలిన డబ్బుతో 28 మి.మీ. మంచి టైర్లు కొనండి, కానీ కొనే ముందు బ్రేకుల కింద చోటు సరిపోతుందో కొలుచుకుని.