కొత్త క్లయింట్ వస్తే మొదటి రోజు ఏమేం చూడాలి?

కొత్తకోచ్:
అందరికీ నమస్తే. ట్రైనర్‌గా సర్టిఫికెట్ వచ్చి రెండు నెలలైంది, ఇప్పటిదాకా పాతికేళ్ల కుర్రాళ్లే వచ్చారు. సోమవారం నుంచి ఒకావిడ వస్తున్నారు, 62 ఏళ్లు, వ్యాయామం మానేసి చాలా కాలమైందట, మోకాళ్లు అప్పుడప్పుడు నొప్పిగా ఉంటాయన్నారు. హెల్త్ ప్రాబ్లమ్స్ ఏమైనా ఉన్నాయా అని ఫోన్లో అడిగితే ఏం లేవన్నారు. మొదటి రోజే పుషప్స్, ప్లాంక్, స్టెప్ టెస్ట్, స్క్వాట్ అన్నీ చేయించి స్కోర్లు రాసుకుందామనుకుంటున్నా, సరిపోతుందా? ఆవిడకేమైనా అయితే ఎలా అన్న భయం కూడా ఉంది.

పాతట్రైనర్:
ఆ భయం ఉండాలి తమ్ముడూ. "ఏం లేవు" అన్నారు కదా అని మాత్రం ఆగిపోకు. నా దగ్గర ఒకాయన బీపీ లేదనే చెప్పారు, ఫారంలోనూ లేదనే రాశారు. ట్రెడ్‌మిల్ మీద ఆయాసంతో మాట రావట్లేదు, పల్స్ చూస్తే 98 దాటట్లేదు. నాకేం అర్థం కాక మెషీన్ ఆపేసి కూర్చోబెట్టి రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా అంటే "పొద్దున్నే ఒకటి వేసుకుంటాగా, అందుకే బీపీ లేదు" అన్నారు. అది బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్ర. అది వాడేవాళ్లకి గుండె వేగం మామూలుగా పెరగదు, గుండె గరిష్ఠ వేగం అంచనాకని 220లోంచి వయసు తీసేసి, పల్స్ ఆ నంబర్‌కి వచ్చేదాకా పరిగెత్తిస్తే మనమే ప్రమాదంలోకి నెట్టినట్టు. అప్పట్నుంచి ముందు అడిగేది మాత్రల గురించే, స్ట్రిప్ ఫోటో పంపమంటాను. అలాంటివాళ్లకి పల్స్ వదిలేసి, చేస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా చూస్తాను.

వ్యాయామం మొదలుపెట్టేముందు ఆరోగ్యం గురించి అడిగే పార్-క్యూ ప్లస్ (PAR-Q+) ఫారంలో మొదటి పేజీ 7 ప్రశ్నలే, చేతికిచ్చి వదిలేయకుండా పక్కన కూర్చుని చదివి అడుగు. ఒక్కదానికి అవునన్నా తర్వాతి పేజీలు కూడా నింపించాలి. బీపీ చూసేముందు 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వు, చేయి గుండె ఎత్తులో ఉండాలి, ఆ టైమ్‌లో కబుర్లు వద్దు. మళ్లీ చూసినా 180/110 దగ్గర ఉంటే ఆరోజు వ్యాయామం లేదు, డాక్టర్ దగ్గరికి పంపు. ఛాతీ నొప్పో ఆయాసమో కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి.

ఫిజియో_అక్క:
పుషప్స్, ప్లాంక్ ఆవిడకి ఇప్పుడెందుకండీ? ఆ స్కోరు వల్ల రేపటి వర్కవుట్‌లో ఏం మారుతుందో చెప్పలేకపోతే ఆ టెస్ట్ వద్దు. ఆవిడ బూట్లు విప్పుకుని కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో చూడండి, చేత్తో తొడ నొక్కి లేస్తున్నారంటే కాళ్లలో బలం ఎంతుందో సగం తెలిసిపోయినట్టే. తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60-64 ఏళ్ల ఆడవాళ్లకి 12 కన్నా తక్కువైతే సగటు కన్నా తక్కువ కిందే లెక్క. ఒంటికాలి మీద నిలబెట్టేటప్పుడు మీరు పక్కనే, పట్టుకునేంత దగ్గర్లో ఉండాలి.

స్క్వాట్‌లో మడమలు లేస్తుంటే మోకాళ్లని తప్పుపట్టకండి, మడమల కింద చిన్న వెయిట్ ప్లేట్ పెట్టి మళ్లీ చేయించండి, ఇంకా కిందికి వెళ్లగలిగితే చీలమండ బిగుసుకుపోయిందన్నమాట. మోకాలి నొప్పి ఎక్కడ అంటే వేలితో చూపించమనండి, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అదీ అడగండి. వాపుంటే గనక ముందు చూపించుకుని రమ్మనండి.

కొత్తకోచ్:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఆవిడ ఇవాళ వచ్చారు. స్ట్రిప్‌లు అడిగితే బ్యాగులోంచి రెండు తీశారు, ఒకటి బీపీకి ఒకటి షుగర్‌కి! బీపీ 138/84. కుర్చీ 11 సార్లు, చివరి రెండింటికి బాగా ముందుకి ఊగి లేచారు. మెట్లు దిగేటప్పుడే నొప్పట, వాపు లేదు. అంతే చూసి పంపేశా, డాక్టర్‌ని ఒకసారి అడిగి రమ్మన్నా. బుధవారం కుర్చీతోనే మొదలుపెడదామనుకుంటున్నా, కింద దిండు వేసి కాస్త ఎత్తు చేసి.

పాతట్రైనర్:
బాగుంది. షుగర్ మాత్ర పేరు కూడా రాసుకో, కొన్ని మాత్రలకి వ్యాయామంలో షుగర్ పడిపోతుంది. వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు తిన్నారో అడుగు, గ్లూకోజ్ దగ్గర పెట్టుకో. చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయంటే అలసట అనుకోకు, వెంటనే ఆపేసి ఇవ్వు.