లండన్‌లో మ్యూజికల్స్, ప్రామ్స్: ఇద్దరికి ఏ సీట్లు మేలు?

ప్రశ్న: లండన్‌కి కొత్తగా వచ్చాం. నేను, మా ఆవిడ నెలకోసారైనా వెస్ట్ ఎండ్ (లండన్ నాటకశాలల పేట) మ్యూజికల్‌కో, ఆల్బర్ట్ హాల్లో కచేరీకో వెళ్దామనుకుంటున్నాం. పక్కపక్క సీట్లు కావాలి, జేబుకి చిల్లు పడకూడదు. ఎక్కడ కూర్చోమంటారు?

జవాబు 1: స్టాల్స్ అంటే స్టేజి ఎదురుగా కింది అంతస్తు సీట్లు, కానీ మన నేల క్లాసు కాదండీ, మధ్య వరసలు బాగా ఖరీదు. వెనక వరసల్లో పై బాల్కనీ అంచు నెత్తిమీదకొచ్చి స్టేజి పైభాగాన్ని కోసేస్తుంది. ఎత్తు సెట్టింగులున్న షోకి అక్కడ డబ్బు పెట్టకండి. అప్పర్ సర్కిల్ (పై బాల్కనీ) మొదటి వరసలో కమ్మీ చాలాచోట్ల కళ్లకి అడ్డం వస్తుంది. మధ్యలో రెండో, మూడో వరస తీసుకోండి. ‘రెస్ట్రిక్టెడ్ వ్యూ’ (స్టేజి కొంత కనబడని సీటు) అంటే అడ్డం కమ్మీయా, స్తంభమా అని అడగండి. కమ్మీ అయితే కాస్త సర్దుకోవచ్చు, స్తంభమైతే వద్దే వద్దు. అదే రోజు తగ్గింపు టికెట్లకి లెస్టర్ స్క్వేర్ టీకేటీఎస్ బూత్ చూడండి.

జవాబు 2: ప్రామ్స్ అంటే ఆల్బర్ట్ హాల్లో జరిగే వేసవి శాస్త్రీయ సంగీత కచేరీలు, జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా. నిలబడి వినే టికెట్ 2024లో 8 పౌండ్లే. అరీనాలో (స్టేజి ముందున్న నేల మీద) నిలబడితే వయొలిన్ కమాను తీగ మీద రాసుకోవడం కూడా కనిపిస్తుంది. తలెత్తితే పుట్టగొడుగుల్లాంటి డిస్కులుంటాయి, ప్రతిధ్వని తగ్గించడానికి 1969లో కట్టారు. మెత్తటి చెప్పులు వేసుకెళ్లండి.

జవాబు 3: షో 7:30 అంటే 7:30కే. ఆలస్యమైతే పాట మధ్యలో లోపలికి పంపరు. ఇంటర్వెల్ దాదాపు 20 నిమిషాలు. లైట్లు వెలగ్గానే లేవకపోతే లేడీస్ టాయిలెట్ క్యూలోనే అయిపోతుంది.